ఈవీఎంల వాదనతో ఆగిపోయిన ఒక విద్యా ట్రస్టు: మధ్యవర్తి కేస్ స్టడీ

సంఘాల్లోనూ ట్రస్టుల్లోనూ సభ్యుల మధ్య విభేదాలు ముదిరినప్పుడు ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడించడం నా వృత్తి. నా దగ్గరకు వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం డబ్బు, పదవి, స్థలం చుట్టూ తిరిగేవే. ఈమధ్య కాలంలో మాత్రం, ఫోన్‌లో మొదలైన రాజకీయ, సాంకేతిక వాదనలు బయటి పనులను కూడా ఆపేస్తున్న సందర్భాలు పెరిగాయి. వాటిలో ఒకదాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఇందులోని వ్యక్తుల పేర్లు, కళాశాల, ఊరు, ట్రస్టు వివరాలు తీసేశాను. గుర్తుపట్టడానికి వీలిచ్చే కొన్ని సంగతులను కావాలనే మార్చాను. వాదన సారాన్ని మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఈ కేసు నుంచి నేర్చుకోవలసినదంతా ఆ వాదన నడిచిన తీరులోనే ఉంది.

నేపథ్యం

కోస్తా ప్రాంతంలోని ఒక ఇంజినీరింగ్ కళాశాల పూర్వ విద్యార్థులు కలిసి నడిపే ట్రస్టు ఇది. పేద కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలకు ఫీజులు కట్టడం దీని ప్రధాన పని. సభ్యులు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, బెంగళూరుల్లోనూ అమెరికాలోనూ స్థిరపడినవారు. వారిలో ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్, కంప్యూటర్స్ చదివినవారే ఎక్కువ. ప్రభుత్వరంగ సంస్థల్లో పనిచేసి రిటైరైన సీనియర్లూ, ప్రస్తుతం సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఉన్న జూనియర్లూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉండేవారు. ట్రస్టు పనులకు వేరుగా గ్రూపు లేదు. పండగ శుభాకాంక్షలు, ఉద్యోగ ప్రకటనలు, విద్యార్థుల ఫీజు రసీదులు, రాజకీయాలు అన్నీ అక్కడే నడిచేవి. తగాదా ట్రస్టు దాకా పాకడానికి ఈ ఏర్పాటే ఒక కారణమని తరవాత తేలింది.

వచ్చిన సమస్య

2024 జూన్ 4న ఆంధ్రప్రదేశ్ ఫలితాలు వెలువడ్డాయి. 2019లో 175 స్థానాల్లో 151 గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ ఈసారి 11కు పడిపోయింది. తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమికి 164 వచ్చాయి. అంత పెద్ద మార్పు నమ్మశక్యంగా లేదని కొందరు సభ్యులు మొదటి రోజు నుంచే రాస్తున్నారు. జూన్ 15న ఎలాన్ మస్క్, ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాలను (ఈవీఎంలను) తొలగించాలని ఎక్స్‌లో రాయడంతో మంట పెరిగింది. ఆ తరవాత కొద్ది రోజులకే మాజీ ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి బ్యాలెట్ పత్రాలే మేలని ప్రకటించారు. అక్కడి నుంచి గ్రూపులో మరో విషయం నడవలేదు. వాదన యంత్రం నుంచి మనుషుల మీదకు మళ్లింది. ‘అన్నా’ అని పిలిచే జూనియర్లు సీనియర్లను ఏకవచనంలోకి దించారు. సీనియర్లు వాళ్ల కులాలనూ అమెరికా జీతాలనూ ఎత్తి చూపారు.

ట్రస్టు చెక్కుల మీద కార్యదర్శి, కోశాధికారి ఇద్దరూ సంతకం చేయాలి. ఇద్దరూ చెరో పక్షంలో ఉన్నారు. కార్యదర్శి గ్రూపు నుంచి వైదొలిగారు, ఫోన్లు ఎత్తడం మానేశారు. కొత్త విద్యా సంవత్సరం ఫీజుల గడువు దగ్గర పడింది. ఏ పక్షానికీ చెందని అధ్యక్షుడు నన్ను సంప్రదించినప్పుడు అడిగింది ఒక్కటే: “ఈవీఎంల గురించి అసలు నిజం ఏమిటో వీళ్లకు మీరైనా చెప్పించగలరా అండీ?”

నేను అందుకు ఒప్పుకోలేదు. ఎన్నికల యంత్రాల మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదని ఆయనకు వివరించాను. అర్హత ఉన్నవారు చెప్పినా గొడవ తీరదన్న అనుమానం కూడా నాకు అప్పటికే ఉంది. ముందుగా ఒక షరతు పెట్టాను: సంభాషణ ఎటు తేలినా పిల్లల ఫీజులు దాని కోసం ఆగకూడదు. ట్రస్టు నిబంధనల్లో ఉన్న వెసులుబాటును ఉపయోగించి, మూడో సంతకందారును తాత్కాలికంగా నియమించి చెక్కులు కదిలించాం. ఈ నిర్ణయం వెనుక కారణం ఉంది. ఫీజు ఆగిపోయి ఉంటే ఇరుపక్షాలూ దాన్ని ఒత్తిడి సాధనంగా వాడుకుంటాయి. ‘పిల్లల ముఖం చూసి రాజీపడ్డాం’ అనే రాజీ నెల రోజులు కూడా నిలవదు.

అప్పటికే చేసి చూసినవి

నేను వెళ్లేసరికి వాళ్లు మూడు దారులు ప్రయత్నించి ఉన్నారు. అవి ఎందుకు పని చేయలేదో చూడకుండా నాలుగోది మొదలుపెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

మొదటిది నిషేధం. రాజకీయాలు రాయకూడదని అడ్మిన్ ప్రకటించారు. అయితే ఆ ప్రకటన ఒక పక్షం వారి ఘాటైన సందేశం వచ్చిన కొద్దిసేపటికే రావడంతో, అది తమ నోరు నొక్కడానికేనని వారు నమ్మారు. వాదన రెండు చిన్న గ్రూపుల్లోకి వెళ్లింది. అక్కడ ఎదుటివారు లేరు కాబట్టి అడ్డు చెప్పేవారూ లేరు. ఇరుపక్షాలూ మరింత గట్టిపడి తిరిగి వచ్చాయి.

రెండోది ఫ్యాక్ట్ చెక్ లింకులు పంచడం. యంత్రాలను లారీలో తరలిస్తున్నారంటూ తిరిగిన ఒక వీడియో పాతదని, అందులోవి శిక్షణకు వాడే యంత్రాలని ఒక లింకు చెప్పింది. అది సరైన జవాబే. కానీ అనుమానించేవారి మనసులో ఉన్న ప్రశ్న ఆ వీడియో గురించి కాదు. ఆ వీడియో దానికి చేతికి దొరికిన సాక్ష్యం మాత్రమే. అది పోగానే మరొకటి వచ్చింది.

మూడోది నిపుణుడి ప్రసంగం. ఎలక్ట్రానిక్ పరికరాల తయారీలో అనుభవం ఉన్న ఒక రిటైర్డ్ ఇంజినీరును జూమ్‌లో పిలిచారు. ఓట్లను నమోదు చేసే కంట్రోల్ యూనిట్, ఓటరు మీట నొక్కే బ్యాలెట్ యూనిట్, ఓటు ఎవరికి పడిందో చీటీ మీద ముద్రించి చూపే వీవీప్యాట్ ఎలా కలిసి పనిచేస్తాయో ఆయన బాగా చెప్పారని రెండు పక్షాలవారూ ఒప్పుకున్నారు. ప్రశ్నల సమయంలో ఒక జూనియర్, యంత్రాన్ని నడిపే ప్రోగ్రామ్‌ను, అంటే సోర్స్ కోడ్‌ను బయటివారు ఎవరు పరిశీలించారని అడిగారు. “ప్రభుత్వరంగ సంస్థలైన భారత్ ఎలక్ట్రానిక్స్, ఈసీఐఎల్ తయారుచేసినవి, వాటి మీద నమ్మకం ఉంచాలి” అని ఆయన జవాబిచ్చారు. సగం మంది అక్కడే ఆయనను కూడా ఒక పక్షానికి రాసేశారు. యంత్రం గురించి తెలిసినంత మాత్రాన నమ్మకం గురించిన ప్రశ్నకు జవాబు దొరకదని ఆ సాయంత్రం నిరూపించింది.

వాదనను చదవడం

సభ్యుల అనుమతితో నేను జూన్ నుంచి నడిచిన సంభాషణ మొత్తం చదివాను. తరవాత 2019 ఏప్రిల్, మే నెలల సందేశాలనూ అడిగి తీసుకుని చదివాను. అక్కడ కనిపించినది ఎవరినైనా ఆలోచింపజేస్తుంది. 2019లో వీవీప్యాట్ చీటీలను 50 శాతం లెక్కించాలని చంద్రబాబు నాయుడు సహా 21 ప్రతిపక్ష పార్టీల నేతలు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ ఏప్రిల్ 8న కోర్టు, అసెంబ్లీ సెగ్మెంటుకు ఒక బూతు బదులు ఐదు బూతుల చీటీలను సరిచూడాలని ఆదేశించింది. అప్పుడు ఈ గ్రూపులో యంత్రాలను అనుమానించినవారే 2024లో యంత్రాలకు కాపలా కాస్తున్నారు. అప్పుడు ‘ఓడిపోతామని తెలిసి సాకులు వెతుకుతున్నారు’ అన్నవారే ఇప్పుడు అనుమానిస్తున్నారు. కొన్ని వాక్యాలు అక్షరం తేడా లేకుండా చేతులు మారాయి.

2010 నాటి పరిశోధన గతి కూడా ఇంతే. హైదరాబాద్‌కు చెందిన హరికృష్ణ ప్రసాద్, మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గొంగ్రైప్ కలిసి ఒక అసలు ఈవీఎం మీద చేసిన ప్రయోగం అది. డిస్‌ప్లే భాగాన్ని మార్చి తప్పుడు ఫలితం చూపించడం, మెమరీ చిప్‌కు చిన్న పరికరం తగిలించి ఓట్లు మార్చడం సాధ్యమని వారు చూపారు. 2019లో హరికృష్ణ ప్రసాద్ తెలుగుదేశం బృందంతో ఎన్నికల సంఘం దగ్గరకు వెళ్లినందువల్ల అప్పట్లో ఒక పక్షం ఆ పరిశోధనను నెత్తిన పెట్టుకుంది, మరో పక్షం కొట్టిపారేసింది. 2024లో అవే కాగితాలు ఎదుటి పక్షం చేతిలో ఉన్నాయి.

ఈ పాత సందేశాలను తేదీలతో సహా గ్రూపులో పెడితే చాలు, అందరి నోళ్లూ మూతపడతాయని అధ్యక్షుడు సూచించారు. ఆ సూచనను నేను అంగీకరించలేదు. పది మంది ముందు తన మాట తనకే చూపించినప్పుడు మనిషి ఆలోచించడు, కాపాడుకుంటాడు. ‘అప్పటి పరిస్థితి వేరు’ అనే జవాబు అందరి దగ్గరా సిద్ధంగా ఉంటుంది. అందులో కొంత న్యాయం కూడా ఉండవచ్చు, ఎందుకంటే 2019కీ 2024కీ మధ్య నిబంధనలు కొన్ని నిజంగానే మారాయి. నోరు మూయించిన మనిషి సంతకం పెట్టడానికి తిరిగి రాడు. నాకు కావలసింది అతను తిరిగి రావడం.

ఆ చదువులో నాకు దొరికిన అసలు సంగతి వేరే. వాళ్లు ఒకే ప్రశ్న మీద వాదిస్తున్నామని అనుకుంటూ మూడు ప్రశ్నలను కలిపేస్తున్నారు. యంత్రాన్ని మార్చడం సాధ్యమా అన్నది ఒకటి. ఈ ఎన్నికల్లో మార్చారా అన్నది రెండోది. మార్చి ఉంటే మనకు తెలిసే దారి ఉందా అన్నది మూడోది. అనుమానించేవారి ఆందోళన చాలావరకు మూడోదాని గురించి, కానీ వారు చూపే సాక్ష్యం మొదటిదానికి, చివరికి చెప్పే మాట రెండోది. సమర్థించేవారు రెండోదానికి జవాబిచ్చి, మూడోది కూడా తీరిపోయిందని అనుకుంటున్నారు. 2009 మార్చిలో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం అక్కడి ఓటింగ్ యంత్రాల వాడకాన్ని రాజ్యాంగ విరుద్ధమని తేల్చినప్పుడు, మోసం జరిగిందని ఎక్కడా అనలేదు. ప్రత్యేక సాంకేతిక పరిజ్ఞానం లేని పౌరుడు కూడా ఓటింగులోని ముఖ్య దశలను సరిచూసుకోగలగాలని చెప్పింది. అది పూర్తిగా మూడో ప్రశ్న. ఆ తీర్పును గ్రూపులో ఒక పక్షం ‘జర్మనీ కూడా హ్యాక్ అవుతాయని ఒప్పుకుంది’ అని రాసింది. మరో పక్షం ‘జర్మనీ యంత్రాలు వేరు’ అని జవాబిచ్చింది. ఇద్దరూ తీర్పును వదిలేశారు.

ఫలించని మొదటి విడత

ప్రతి పక్షం నుంచి కొద్దిమందిని ఎంచుకుని చిన్న బృందంతో మొదలుపెట్టాం. ప్రతి పక్షమూ తన వాదనను ఆధారాలతో రాసి ఇవ్వాలని, రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలని మొదటి పద్ధతి. ఆధారాలు రాయమంటే ఆవేశపు మాటలు తగ్గుతాయన్నది దాని వెనుక ఊహ. మాటలు తగ్గిన మాట నిజమే. కానీ రెండు పత్రాలూ కోర్టులో వేసే అఫిడవిట్‌లలా తయారయ్యాయి. తనకు అనుకూలమైనది వెతికి కూర్చుకునే పనిలో ప్రతివారూ తమ పక్షానికి మరింత అతుక్కుపోయారు. చదువుకున్నవారి విషయంలో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే కావలసిన ఆధారాన్ని వెతికే నైపుణ్యం వారికి ఎక్కువ. దాన్ని అక్కడితో ఆపేశాం.

పని చేసిన పద్ధతి

రెండో విడతలో పనిని తిరగేశాం. ఎదుటి పక్షం వాదనను మీరు రాయాలి. చదివి ‘అవును, నా మాట ఇదే’ అని ఎదుటివారు సంతకం పెట్టేదాకా మళ్లీ మళ్లీ రాయాలి. తన వాదన గురించి అప్పటిదాకా ఒక్క ముక్క కూడా రాయకూడదు.

ఇందుకు చాలా చిత్తుప్రతులు పట్టాయి. సమర్థించే పక్షంలోని కోశాధికారి మొదట రాసింది ఇలా ఉంది: ‘ఫలితాన్ని జీర్ణించుకోలేక యంత్రాన్ని నిందిస్తున్నారు.’ కార్యదర్శి సంతకం పెట్టలేదు. ఎన్నో సవరణల తరవాత ఒప్పుకున్న రూపం ఇది: ‘ఫలితం తప్పని నేను ఖాయంగా చెప్పడం లేదు. అది సరైనదని నా అంతట నేను తెలుసుకునే దారి నాకు అందుబాటులో లేదు, ఆ దారి అడగడం నా హక్కు.’ కార్యదర్శి రాసినదానికి కోశాధికారి ఒప్పుకున్న రూపం: ‘యంత్రం దేవుడిచ్చినదని నేను అనడం లేదు. ఇన్ని నియోజకవర్గాల్లో, అన్ని పార్టీల ఏజెంట్లు చూస్తుండగా, ఒకే వైపుకు మార్చి ఎక్కడా దొరక్కుండా ఉండటం కుదరదని నా లెక్క.’ ఈ రెండు వాక్యాలను పక్కన పెట్టి చూస్తే ఒకదానికొకటి విరుద్ధం కావు. ఆ మాట నేను వారికి చెప్పలేదు. చదివాక కాసేపటికి కార్యదర్శే అన్నారు: “అయితే మనం దేని గురించి కొట్టుకున్నాం రా?”

కోశాధికారి వాక్యంలో ‘నా లెక్క’ అనే మాట ఉంది కాబట్టి, ఆ లెక్కను నిజంగా వేయమని ఇద్దరికీ కలిపి అప్పగించాను. ఇంజినీర్లకు అప్పగించగల మంచి పని అది. ఇద్దరూ ఒకే కాగితం మీద పనిచేసినప్పుడు వాదనకు మూడో వస్తువు దొరుకుతుంది. చూపు ఒకరి మీద ఒకరికి కాక దాని మీద నిలుస్తుంది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 46 వేలకు పైగా పోలింగ్ కేంద్రాలున్నాయి, అంటే నియోజకవర్గానికి సగటున 265. లెక్క సులువు కోసం 250 అనుకున్నారు. అందులో లాటరీ తీసి ఐదు బూతుల వీవీప్యాట్ చీటీలను సరిచూస్తారు.

ఒక నియోజకవర్గంలో ఐదు బూతుల్లో మాత్రమే యంత్రాలు మార్చారనుకుంటే, ఆ లాటరీలో కనీసం ఒకటి పట్టుబడే అవకాశం సుమారు 10 శాతం. 25 బూతుల్లో మార్చినా 41 శాతమే. ఇది చూసి కార్యదర్శి తన మాట నిలిచిందన్నారు. తరవాత రెండో భాగం వేశారు. అదే పని, నియోజకవర్గానికి ఐదు బూతుల చొప్పున, 50 నియోజకవర్గాల్లో చేస్తే ఎక్కడో ఒకచోట పట్టుబడే అవకాశం 99 శాతం దాటుతుంది. 175లోనూ చేస్తే దొరకకుండా ఉండటం అసాధ్యంతో సమానం. ఇప్పుడు కోశాధికారి తన మాట నిలిచిందన్నారు. రెండూ నిలిచాయి.

మెజారిటీలు కలిపాక ఇంకా స్పష్టత వచ్చింది. గాజువాకలో తెలుగుదేశం అభ్యర్థి మెజారిటీ 95 వేలు దాటింది. ఒక ఓటును ఒకరి నుంచి మరొకరికి మారిస్తే మెజారిటీ రెండు మారుతుంది. బూతుకు 200 ఓట్ల చొప్పున మార్చినా అంత మెజారిటీని సృష్టించడానికి దాదాపు ప్రతి బూతులోనూ మార్చాలి, అప్పుడు లాటరీలో ఐదింటిని తీస్తే దొరకడం దాదాపు ఖాయం. అటువైపు మడకశిరలో మెజారిటీ 351 మాత్రమే. అంత తేడాను తిప్పాలంటే లెక్క ప్రకారం ఒక్క బూతు చాలు. 250లో ఆ ఒక్కటి లాటరీలోని ఐదింట్లో పడే అవకాశం 2 శాతం. మడకశిరలో ఏదో జరిగిందని దీని అర్థం కాదని ఇద్దరూ కాగితం మీదే రాశారు. ఐదు బూతుల నియమం రాష్ట్రమంతటా జరిగే మోసాన్ని పట్టడానికి బలమైనది, పోటాపోటీ స్థానంలో జరిగే చిన్న మోసాన్ని పట్టడానికి బలహీనమైనది. అంటే 2024 ఫలితం మొత్తాన్ని యంత్రాలే తిప్పాయన్న వాదన ఈ లెక్క ముందు నిలవదు. యంత్రాల తనిఖీ ఇప్పుడున్నంత చాలన్న వాదన కూడా నిలవదు.

ఈ లెక్క కొన్ని షరతుల మీద ఆధారపడి ఉందని కూడా వారే పట్టుకున్నారు. లాటరీ నిజంగా యాదృచ్ఛికంగా ఉండాలి. చీటీ ఓటరు నొక్కినదే చూపాలి, ఓటరు దాన్ని చూడాలి. అది గాజు వెనుక ఏడు సెకన్లే కనిపిస్తుంది. తేడా వస్తే దాన్ని దాచకుండా చెప్పాలి. ఒకప్పుడు ‘యంత్రం’ అనే ఒక్క మాట కింద ఉన్న అనుమానం ఇలా విడివిడిగా పరిశీలించగల భాగాలైంది. నా దృష్టిలో ఈ కేసులోని అతి విలువైన ఘట్టం ఇదే.

మాట వెనక్కి తీసుకునే చోటు

అనుమానించే పక్షంలో ఒక సభ్యుడికి బ్యాటరీ విషయం బలంగా పట్టుకుంది. పోలింగు రోజంతా వాడిన యంత్రం లెక్కింపు నాడు 99 శాతం చార్జింగ్ ఎలా చూపిస్తుందన్నది ఆయన ప్రశ్న. ఎన్నికల సంఘం ఇచ్చిన వివరణ ప్రకారం ఆ బ్యాటరీలు రీచార్జ్ చేసేవి కావు, వోల్టేజీ 7.4 పైన ఉన్నంతసేపు తెర మీద 99 అనే కనిపిస్తుంది. ఎన్నికల సంఘం చెప్పింది కాబట్టి నమ్మండి అని నేను అనలేదు. “మీ అనుమానం తప్పయితే యంత్రం ఏం చూపించాలి?” అని మాత్రం అడిగాను. ఎలక్ట్రానిక్స్ చదివినవారు కాబట్టి, ఆల్కలైన్ బ్యాటరీ వాడకం తక్కువైనప్పుడు వోల్టేజీ ఎలా తగ్గుతుందో ఆయనే వెళ్లి చూసుకుని వచ్చారు. అలా ఉండటం సహజమేనని, ఆ అంశాన్ని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పారు.

ఇక్కడ ముందే పెట్టుకున్న ఒక నియమం అక్కరకు వచ్చింది. ఎవరైనా ఒక మాటను వెనక్కి తీసుకుంటే దాని మీద ఎవరూ వ్యాఖ్యానించకూడదు, మెచ్చుకోలు కూడా వద్దు, తరవాతి అంశానికి వెళ్లాలి. ఆన్‌లైన్ వాదనల్లో వెనక్కి తగ్గినవాడికి దక్కేది హేళన. ‘ఇప్పటికైనా బుద్ధి వచ్చింది’ అనే ఒక్క వ్యాఖ్య చాలు, అతను మరో పదేళ్లు మాట మార్చడు. మెచ్చుకోలును కూడా ఎందుకు వద్దన్నానంటే, గెలిచినవాడి నోట మెచ్చుకోలు వినడం ఓడినవాడికి అంతకంటే కష్టం.

ఆ తరవాత సమర్థించే పక్షం నుంచి కూడా ఒక మాట వెనక్కి వచ్చింది. ఫ్యాక్టరీలో చిప్ బిగించాక యంత్రంలోకి బయటి నుంచి ఏదీ ఎక్కదని వారు మొదటి నుంచీ చెబుతున్నారు. అభ్యర్థుల గుర్తులను సింబల్ లోడింగ్ యూనిట్ ద్వారా వీవీప్యాట్‌లోకి ఎక్కిస్తారని, 2024 ఏప్రిల్ 26 నాటి తీర్పులో సుప్రీంకోర్టు ఆ యూనిట్లను ఫలితాల తరవాత 45 రోజులు సీల్ చేసి భద్రపరచాలని ఆదేశించిందని చదివాక, తమ వాక్యాన్ని సవరించారు. అదే తీర్పు నూరు శాతం చీటీల లెక్కింపును తిరస్కరించింది. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఏడు రోజుల్లోగా కోరితే 5 శాతం యంత్రాలను పరిశీలించే దారి కల్పించింది. ఒకే తీర్పులో ఇరుపక్షాలకూ పనికొచ్చేది ఉండటం వల్ల, మొత్తం తీర్పును కలిసి చదవడం వారికి సాధ్యమైంది.

పాత సందేశాల విషయానికి వస్తే, చివరి విడతలో ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్నకు జవాబు రాసి నాకు మాత్రమే ఇవ్వమన్నాను: ఇవే యంత్రాలతో ఫలితం తారుమారుగా వచ్చి ఉంటే మీరు ఈ మూడు ప్రశ్నల్లో దేని గురించి మాట్లాడేవారు? ఆ జవాబులను నేను ఎవరికీ చూపలేదు. వాటిని నేను చదవడం కన్నా వారు రాసుకోవడం ముఖ్యం. తమ 2019 సందేశాలను వెతుక్కుని చదివామని కొందరు తమంతట తాము చెప్పారు.

చేతులతో చేసే పని

మాటల తరవాత చేతులకు పని లేకపోతే ఇలాంటి ఒప్పందాలు గాలిలో కలిసిపోతాయి. మూడో ప్రశ్నకు జవాబు వెతికే పనిని ఉమ్మడిగా పెట్టుకుందామని ఇద్దరు జూనియర్లు సూచించారు. పోలింగు ముగిశాక ప్రతి బూతులోనూ పడిన ఓట్ల సంఖ్యతో ఫారం 17సీ తయారవుతుంది, దాని నకలు అభ్యర్థుల ఏజెంట్లకు ఇస్తారు. బూతువారీ ఫలితాలు ఫారం 20లో ఉంటాయి. తమ సొంత ఊళ్లలో తెలిసిన ఏజెంట్ల దగ్గర 17సీ నకళ్లు సంపాదించి ఫారం 20తో పోల్చి చూశారు. దొరికినచోట మొత్తాలు సరిపోయాయి. చాలా ఊళ్లలో ఏజెంట్లు ఆ కాగితాన్ని దాచుకోలేదు, కొందరైతే దాన్ని అడిగి తీసుకోనేలేదు. సాయంత్రం ప్రకటించిన పోలింగు శాతానికీ తుది శాతానికీ తేడా ఎందుకొచ్చిందని నెలల తరబడి వాదించినవారికి, ఆ తేడాను బూతు స్థాయిలో సరిచూడగలిగే కాగితం తమ ఊరి ఏజెంటు జేబులోనే ఉండాల్సిందని తెలియడం వేరే అనుభవం. వచ్చే ఎన్నికల్లో ఏజెంట్లకు ఈ ఫారం గురించి చెప్పే పనిని రెండు పక్షాల సభ్యులూ కలిసి చేయాలని నిర్ణయించుకున్నారు.

ట్రస్టు వ్యవహారాలకు వేరే గ్రూపు ఏర్పడింది. కార్యదర్శి సంతకానికి తిరిగి వచ్చారు. కొద్దిమంది రాలేదు; వారిని బలవంతం చేయవద్దని నేనే చెప్పాను.

నేర్చుకున్నవి

సాంకేతికత గురించిన రాజకీయ వాదన చేతికి వచ్చినప్పుడు నేనిప్పుడు మొదట చూసేది, అందులో ఎన్ని ప్రశ్నలు కలిసిపోయాయన్నదే. ముఖ గుర్తింపు కెమెరాలైనా, ఆధార్ అనుసంధానమైనా, కృత్రిమ మేధ అయినా, ‘చేయగలరా’, ‘చేశారా’, ‘చేస్తే తెలుస్తుందా’ అన్నవి మూడు వేర్వేరు విషయాలు, వాటికి వేర్వేరు ఆధారాలు కావాలి. వీటిని విడదీయకుండా ఎంత సమాచారం పోసినా అది కొత్త ఇంధనమే అవుతుంది. నిపుణుడిని పిలవడం తప్పు కాదు, కానీ ప్రశ్నలు విడిపోయాకే పిలవాలి. ఏ ప్రశ్నకు జవాబు చెప్పడానికి వచ్చారో ఆయనకూ వినేవారికీ ముందే తెలియాలి.

వాదన స్థిరపడిందో లేదో తెలిసేది మళ్లీ గాలి వీచినప్పుడే. 2025 ఫిబ్రవరిలో, పరిశీలనకు దరఖాస్తులు వచ్చిన యంత్రాల్లోని డేటాను చెరపవద్దని సుప్రీంకోర్టు ఎన్నికల సంఘానికి చెప్పినప్పుడు గ్రూపులో మళ్లీ కదలిక వచ్చింది. పరిశీలన అంటే మాక్ పోల్ (నమూనా పోలింగు) చేసి చూడటమేనా, అసలు ఓట్లను చీటీలతో పోల్చడమా అన్న వివాదం ఒంగోలు విషయంలోనూ నడిచి ఉండటంతో సభ్యులకు అది దగ్గరి సంగతే. ఈసారి మొదటి సందేశం రాసిన జూనియర్, ఇది మూడో ప్రశ్నకు సంబంధించిన వార్త అని మొదటి వాక్యంలోనే రాశారు. వాదన రెండు రోజులు నడిచింది, ఎవరూ గ్రూపు వదలలేదు.

ఈ పద్ధతి ఎక్కడ పని చేయదో కూడా రాయడం అవసరం. ఇక్కడి సభ్యులకు ఒకరితో ఒకరికి ముప్పై ఏళ్ల పరిచయం ఉంది, ఉమ్మడిగా కాపాడుకోవలసిన ట్రస్టు ఉంది, లెక్కలు వేయగల చదువు ఉంది. ముఖాలు తెలియని చోట, డబ్బు తీసుకుని ఒక పక్షాన రాసేవారు కలిసిన చోట, ఉద్యోగం పోతుందనే భయంతో ఒక పక్షంవారు నోరు విప్పలేని చోట ఎదుటివారి వాదనను రాయమనడం వల్ల ఫలితం రాదు. అలాంటి కేసు ఒకటి తరవాత నా దగ్గరకు వచ్చింది. అందులో సంభాషణ మొదలుపెట్టకముందే, మాట్లాడినందుకు ఎవరి మీదా చర్య ఉండదని యాజమాన్యం చేత రాతపూర్వకంగా హామీ ఇప్పించవలసి వచ్చింది.